మంచె మీద బావ

లైల్ ప్రిబిల్‌ని జింకలు పేరు పెట్టి పిలవడం ఒక్కటే తక్కువ అని మా వైపు వేటగాళ్ళు నవ్వుకునేవారు. వేరే ఎవరైనా చెట్టు మీద మంచె కట్టుకుని కూర్చుంటే జింకలు తమ దారిన తాము కిందనుంచి పోతాయి. లైల్ కూర్చుంటే మాత్రం ఆగుతాయి. తలెత్తి, "ఓహో, నువ్వేనా!" అన్నట్టు చూసి, ముందు కాలితో నేలను ఒక్క తన్ను తన్ని, తెల్ల తోక పైకెత్తి పారిపోతాయి. ఆయన ఆదరాబాదరాగా తుపాకీ పేలుస్తాడు. గుండు ఏదో పైన్ చెట్టుకి తగులుతుంది.

తప్పు జింకలది కాదు. లైల్‌కి కుదురుగా కూర్చోవడం చేతకాదు, పాపం. ఉత్తర విస్కాన్సిన్‌లో సగం జీవితం పాలబండి తోలాడాయన. పొలం పొలానికీ వెళ్ళడం, పాలు బండిలోకి తోడుకోవడం, చీజ్ ఫ్యాక్టరీలో దింపడం. పాలు ఎక్కేంతసేపూ ఆ రైతుతో కబుర్లు. ఎవరి ఆవు ఈనింది, ఎవరి ట్రాక్టర్ మొరాయించింది, ఎవరి అమ్మాయి ఎవరి కారెక్కింది, అన్నీ ఆయన బండి మీదే ఊరంతా తిరిగేవి. అలాంటివాణ్ణి మంచె మీద కూర్చోబెట్టి నోరు మూసుకోమంటే నోరు మూసుకుంటాడు సరే, కాళ్ళు ఊరుకోవు. కాళ్ళు ఊరుకుంటే చెయ్యి జేబులోని సాసేజ్ ముక్క కోసం వెతుకుతుంది. అదీ ఊరుకుంటే దగ్గొస్తుంది.

ఆ పాలబండి మీదే ఆయనకి పెళ్ళి కుదిరింది. టోల్లెఫ్సన్ల పొలంలో పాలపాక కడిగే అమ్మాయి ఆర్డిస్. ఆ పొలంలో పాలు తోడడానికి మిగతా చోట్లకంటే రెట్టింపు సేపు ఎందుకు పడుతోందో ఊళ్ళో అందరికీ అర్థమయింది, ఆర్డిస్ తమ్ముడు వెర్లిన్‌కి తప్ప. వాళ్ళు నార్వే వాళ్ళు, లూథరన్ చర్చి వాళ్ళు. లైల్ బొహీమియా వాడు, కేథలిక్కు, పైగా బండి తోలేవాడు. సంగతి తెలిసిన రోజున వెర్లిన్ నోరెళ్ళబెట్టి, "ఎవరూ, ఆ పాలబండా?" అన్నాడు.

ఆ మాట అలాగే అంటుకుపోయింది. అక్క మొగుణ్ణి పట్టుకుని బావా అని పిలిచిన పాపాన పోలేదు వెర్లిన్. పెళ్ళి విందులో "పాలబండీ, ఆ ఉప్పు ఇటు తొయ్యి" అన్నాడు. లైల్ ఉద్యోగం మానేశాక కూడా, బండి తుక్కు కింద అమ్ముడుపోయాక కూడా, మనిషి పాలబండిగానే ఉండిపోయాడు. లైల్ నవ్వేసి ఊరుకునేవాడు. నవ్వేసినంత మాత్రాన మనసుకి తగలలేదని కాదు. ఆయనకి తోడబుట్టినవాళ్ళు లేరు.

మంచె సంగతి వచ్చాక గొడవ ముదిరింది. దేవదారు చెట్లున్న చిత్తడి నేల అంచున ఒక పాత ఓక్ చెట్టుంది. దాని మీది మంచె మామగారు ఇంగ్వాల్డ్‌ది. ఓక్ కాయల కోసం చిత్తడిలోని జింకలన్నీ దాని కిందకే వస్తాయి, అడవి మొత్తం మీద అంతకంటే మంచి చోటు లేదు. ముసలాయన కాళ్ళు పడిపోతున్న రోజుల్లో లైల్ ఆ చెట్టుకి దగ్గర దగ్గరగా మెట్లు కొట్టి, వెనకనుంచి భుజమిచ్చి, పసిపిల్లాణ్ణి ఎక్కించినట్టు పొద్దున్నే ఆయన్ని పైకి ఎక్కించేవాడు. పోయేముందు ముసలాయన కొడుకుని ఎదురుగా పెట్టుకుని, "ఓక్ మంచె లైల్‌ది" అన్నాడు. వెర్లిన్ పెరట్లోకి వెళ్ళి చీకటి పడేదాకా కట్టెలు కొడుతూనే ఉన్నాడు.

కానీ ముసలాయన పెట్టిన నియమాలు కూడా ఆయనతో పోలేదు. వేటగుడిసెలో గురి తప్పినవాడికి చొక్కా వెనక అంచు కత్తిరించి గోడకి మేకు కొడతారు. దాన్ని తోక కొయ్యడం అంటారు. మా వైపు అడవిలో ఏ గుడిసెలోనైనా ఉన్న ఆచారమే. దానికి ఇంగ్వాల్డ్ తన సొంతంగా ఒకటి తగిలించాడు: ఒకే మంచె మీద వరసగా మూడేళ్ళు తోక కోయించుకున్నవాడు మంచె వదులుకోవాలి. గోడ మీద ఆఖరి రెండు తోకలూ లైల్‌వే. ఒకటి గళ్ళది, ఒకటి నీలంది. ఈ ఏడు కూడా తప్పితే ఓక్ మంచె వెర్లిన్‌ది. వెర్లిన్ అప్పటికే దాని మీదికి కొత్త మెత్త కొనిపెట్టుకున్నాడని వినికిడి.

లైల్ ఊరికే కూర్చునే రకం కాదుగా. ఆయన పన్నిన పన్నాగాలు ఇన్నీ అన్నీ కావు. ఒక ఏడు మనిషి వాసన పోవాలని వేట బట్టల్ని ఆపిల్ రసంలో నానబెట్టాడు. జింకలు రాలేదు కానీ కందిరీగలు వచ్చాయి. ఇంకో ఏడు మగజింకలు కొట్టుకుంటున్నట్టు వినపడాలని రెండు కొమ్ములు పట్టుకుని పొద్దంతా టకటకలాడించాడు. గుడిసెలో వంట చేసే ముసలి హార్లన్ పరిగెత్తుకొచ్చి, "ఏం విరిగిందిరా?" అని అడిగాడు. పోయినేడు ప్లైవుడ్‌తో ఆడజింకని కోసి, రంగు వేసి, తోక బదులు చేతిరుమాలు కట్టి చిత్తడి అంచున నిలబెట్టాడు. గాలికి రుమాలు ఊగుతుంటే ప్రాణమున్నట్టే ఉంది. ఆ ఊగడం చూసి మోసపోయింది జింకలు కాదు, వెర్లిన్. దూరంనుంచి ఒకే ఒక్క గుండుతో దాని మెడ ఎగరగొట్టాడు. గురి తప్పలేదు కాబట్టి తోక కొయ్యడానికి వీల్లేదని హార్లన్ తీర్పిచ్చాడు. ప్లైవుడ్ చెవి మాత్రం గోడకెక్కింది.

ఈసారి లైల్ వేరే దారిలో ఆలోచించాడు. జింకలకి నేనంటే అలవాటు లేదు, అదే కదా చిక్కు, అనుకున్నాడు. అలవాటు చేస్తే సరి! వేసవి ఇంకా పూర్తికాకముందే ఒక బొమ్మ తయారు చేశాడు. తన పాత నారింజరంగు వేట కోటు, ప్యాంటు, వాటినిండా గడ్డి. తలకాయకి ఖాళీ పాలడబ్బా, దాని మీద నారింజ టోపీ. కాళ్ళకి తన పాత రబ్బరు బూట్లు. చేలో దిష్టిబొమ్మ పిట్టల్ని బెదరగొట్టడానికైతే, లైల్ దిష్టిబొమ్మ జింకల బెదురు పోగొట్టడానికి. తను వెళ్ళేలోపు అది మంచె మీద కూర్చుని మనిషి ఆకారమంటే జింకలకి విసుగు పుట్టించాలి.

ముందు దాన్ని ఇంటి వరండాలో కూర్చోబెట్టి పరీక్షించాడు. ఆర్డిస్ చుట్టూ తిరిగి చూసింది.

"బావున్నాడు. కాఫీ అడగడు, సాక్సులు ఎక్కడ పడితే అక్కడ పారెయ్యడు. వీణ్ణి ఉంచేసుకుని నిన్ను పంపించేస్తా చెట్టు మీదికి."

"వాడికి మాటలు రావు. నీకు రెండ్రోజుల్లో బోర్ కొడుతుంది."

"రెండు రోజులు! ఆ మాత్రం ప్రశాంతత చాలు నాకు."

బొమ్మ పని బ్రహ్మాండంగా చేసింది. ఉత్తరాలిచ్చే ఆమె రోజూ దానికి చెయ్యి ఊపి వెళ్ళేది. చర్చి పాస్టరు వచ్చి గేటు దగ్గర నిలబడి, చేపల విందుకి రమ్మని పిలిచి, జవాబు రాకపోతే మొహం చిన్నబుచ్చుకుని వెళ్ళిపోయాడు. ఆదివారంనాటికి లైల్‌కి పొగరెక్కిందని ఊరంతా పాకింది. మనుషులే ఇలా పడిపోతే జింకలెంత అని లైల్ చంకలు గుద్దుకుని, బొమ్మని మోసుకెళ్ళి ఓక్ మంచె మీద కట్టాడు. వారం వారం వెళ్ళి ఒకసారి చెయ్యి మార్చేవాడు, ఒకసారి తల తిప్పేవాడు. అక్కడే నిలబడి కావాలని కాసేపు దగ్గి వచ్చేవాడు. దగ్గు కూడా అలవాటు కావాలి మరి.

వెర్లిన్‌కి ఇదంతా తెలియనివ్వలేదు. తెలిస్తే ఏడిపించి చంపుతాడు.

నవంబరు వచ్చింది. వేట మొదలయ్యే ముందురోజు గుడిసెలో ముగ్గురూ చేరారు. బీన్సు కుండ పొయ్యి మీద ఉడుకుతోంది. వెర్లిన్ బ్రాందీ పోసుకుంటూ గోడ మీది రెండు తోకల వంకా చూశాడు.

"పాలబండీ, ఈసారి ఏ రంగు చొక్కా తెచ్చావు? పక్కన పెడితే బావుండాలి కదా."

"ఎరుపు. నీ మెత్తకి జోడీ కుదరాలని."

వెర్లిన్ మొహం కందిపోయింది. "మెత్త సంగతి నీకెవరు చెప్పారు?"

"మీ అక్కే. అయినా ముప్పై ఏళ్ళు ఊరి కబుర్లు మోశాను, ఈ ఒక్కటీ బరువా?"

హార్లన్‌కి సగం వినపడదు. ఎందుకో తెలియకుండానే పడీ పడీ నవ్వాడు.

తెల్లారకముందే లైల్ ఓక్ చెట్టెక్కాడు. మోకాళ్ళు ఎక్కనంటే బతిమాలుకుంటూ ఎక్కాడు. బొమ్మ కట్లు విప్పి, తాడుతో మెల్లగా కిందికి దించి, పొదల్లో దాచిపెట్టాలని ఆయన ఆలోచన. చలికి వేళ్ళు కొంకర్లు పోయి తాడు జారింది. బొమ్మ దబ్బున వెళ్ళి చెట్టు మొదట్లో బోర్లా పడింది. ఒక చెయ్యి పొట్ట కిందికి పోయింది. ఒక బూటు ఊడి దూరంగా దొర్లింది. దిగి దాచొద్దామా అనుకున్నాడు కానీ మోకాళ్ళు ఒప్పుకోలేదు. అప్పటికే తూర్పున వెలుగు రేఖలు. పడితే పడిందిలే, జింకలకి అది చుట్టమేగా, అనుకుని సర్దుకుని కూర్చున్నాడు. పలచగా మంచు పడడం మొదలయింది. లైల్ టోపీ మీదా పడింది, కింద బొమ్మ వీపు మీదా పడింది.

వెలుతురు పూర్తిగా వచ్చాక రెండు ఆడజింకలు వచ్చాయి. ఒకటి తలెత్తి లైల్‌ని చూసింది. అది చెవి ఒకసారి ఆడించి మళ్ళీ ఓక్ కాయల మీద పడింది. లైల్‌కి దగ్గొచ్చింది, ఆపుకోలేక దగ్గేశాడు. రెండూ నములుతూనే ఉన్నాయి! సంతోషం పట్టలేక సాసేజ్ ముక్క తీసి కొరికాడు. అదీ పట్టించుకోలేదు. ఇన్నేళ్ళలో అడవి మొదటిసారి తనని లోపలికి రానిచ్చినట్టనిపించి, ముసలాయన ఉంటే ఎంత బావుండును అనుకున్నాడు.

కాసేపటికి ఆడజింకలు రెండూ తలలు ఒకే వైపు తిప్పాయి. దేవదారు చెట్ల నడుమనుంచి ముందు కొమ్ములు, ఆ తరవాత మెడ, ఆ తరవాత మిగతా జింక. గుడిసెలో దాన్ని కొమ్ములరాయుడు అనేవారు. అందరూ దాని అడుగులు చూశారు, పగలు దాన్ని కళ్ళారా చూసినవాడు లేడు. అది తీరిగ్గా నడిచొచ్చి, ఎదురుగా, పక్కకి తిరిగి నిలబడింది. పిల్లాడు కొట్టినా తప్పని చోటు. మంచె వంక కనీసం చూడను కూడా లేదు. లైల్ తుపాకీ భుజానికి ఆనించాడు. వేలు ట్రిగ్గర్ మీద పెట్టాడు. మంచె నాదే, అనుకున్నాడు.

"బావా!"

లైల్‌కి ముందు అర్థం కాలేదు. ఎవరో ఎవరినో పిలుస్తున్నారనుకున్నాడు.

"బావా! అయ్యో, బావా!"

చెట్టు వెనకవైపు కాలిబాట మీదనుంచి వెర్లిన్ పరిగెత్తుకొస్తున్నాడు. చేతిలోని కాఫీ ఫ్లాస్కు ఒక వైపు, తుపాకీ ఒక వైపు మంచులోకి విసిరేశాడు. బొమ్మ పక్కన మోకాళ్ళ మీద పడ్డాడు. మా వైపు మంచె మీదనుంచి పడి పోయినవాళ్ళు ఊరికి ఒకరైనా ఉంటారు. మెడ విరిగినవాణ్ణి కదపకూడదని చిన్న పిల్లలకి కూడా తెలుసు. అందుకే వెర్లిన్ దాన్ని తిప్పలేదు. తన కోటు విప్పి కప్పాడు. వీపు మీది మంచు చేత్తో తుడిచాడు.

"కదలకు బావా, నేనున్నా. నేను పోయి హార్లన్ని పిలుచుకొస్తా... అయ్యో, నిన్నొదిలి ఎలా పోను? ఎంతసేపయిందిరా దేవుడా పడి... బావా, నా మాట వినపడుతోందా? నాకు మంచె వద్దు. ఆ మెత్త పొయ్యిలో పెట్టేస్తాను. ఆర్డిస్‌కి నేనేం చెప్పను? అక్కకి నేను ఏ మొహం పెట్టుకుని చెప్పను? లే బావా, లేచి నన్ను తిట్టు."

కొమ్ములరాయుడు తలెత్తింది. పారిపోలేదు. ఏదో గోల, ఎవరిదో ఏమిటో తేల్చుకుంటున్నట్టు అలాగే నిలబడిపోయింది. తుపాకీ గురి దాని భుజం మీదే ఉంది. వెర్లిన్ చెట్టుకి అవతల, జింక ఇవతల, అడ్డమేమీ లేదు. వేలు ఒక్కసారి నొక్కితే గోడ మీద మూడో తోక ఉండదు, ఓక్ మంచె జన్మలో చేజారదు. ఆ తరవాత వెర్లిన్‌కి చెప్పుకోవచ్చు. అంతా కలిపి ఒక్క క్షణం పని.

కానీ కింద మనిషి ఏడుస్తున్నాడు. పెళ్ళినాటినుంచీ లైల్ చెవులు ఏ మాట కోసం కాచుకుని ఉన్నాయో ఆ మాట గడ్డిబొమ్మకి చెప్పి ఏడుస్తున్నాడు. ఇంకో క్షణం వాణ్ణి అలా ఉంచడం లైల్ వల్ల కాలేదు. కళ్ళు మసకబారిపోయాయి. తుపాకీ దించేశాడు.

"ఒరే వెర్లిన్," అన్నాడు. "పైనున్నానురా."

కొమ్ములరాయుడు ఒక్క ఎగురు ఎగిరి దేవదారుల్లోకి మాయమయింది. దాని వెనకే రెండు తెల్ల తోకలు.

వెర్లిన్ పైకి చూశాడు. కిందికి చూశాడు. మళ్ళీ పైకి చూశాడు. బొమ్మ భుజం పట్టి మెల్లగా వెల్లకిలా తిప్పాడు. పాలడబ్బా మొహం, దాని మీద లైల్ బొగ్గుతో గీసిన మీసం. వేలి ముడితో దాని మీద ఒకసారి కొట్టి చూశాడు.

"పాలడబ్బా," అన్నాడు చివరికి.

"అవును."

"పాలబండివాడికి పాలడబ్బా తలకాయ."

"అదొక్కటే దొరికింది."

వెర్లిన్ లేచి, ముక్కు చీదుకుని, బొమ్మ మీద కప్పిన కోటు లాగి తొడుక్కున్నాడు. తర్వాత తన నాయన చెట్టు కింద ఎవరూ వాడకూడని మాటలన్నీ వరసగా వాడాడు. లైల్ బొహీమియా తాతముత్తాతల్ని కూడా వదల్లేదు. లైల్ పైనుంచి మారు మాట్లాడకుండా విన్నాడు. ఆయన జీవితంలో అన్నిటికంటే ఎక్కువసేపు నోరు మూసుకుని కూర్చున్నది బహుశా అప్పుడే.

సాయంత్రం గుడిసెలో హార్లన్ కత్తెర బల్ల మీద పెట్టి పంచాయితీ మొదలుపెట్టాడు.

"లైల్, పేల్చావా?"

"లేదు."

"కొమ్ములరాయుడి అడుగులు నీ చెట్టు కిందే ఉన్నాయి. నేను చూశా. ఎందుకు పేల్చలేదు?"

లైల్ బీన్సు కెలుకుతూ, "చలికి తుపాకీ బిగుసుకుపోయింది" అన్నాడు. వెర్లిన్ చప్పున తలెత్తి చూశాడు. లైల్ బీన్సు లోంచి చూపు ఎత్తలేదు.

"పేల్చనివాడు గురి తప్పనట్టే," అన్నాడు హార్లన్. "తోక లేదు. మంచె లైల్‌దే. ఇంక పడుకుందాం."

"ఆగు," అన్నాడు వెర్లిన్. లేచి నిలబడి చొక్కా వెనక అంచు ప్యాంట్లోంచి బయటికి లాగాడు. "కొమ్ములరాయుడు కనుచూపు మేరలో ఉండగా తుపాకీ మంచులో పారేశాను. నాది కొయ్యి."

"ఏంటీ?"

"తుపాకీ పారేశా!"

"అది వినపడింది. ఎందుకు పారేశావు?"

"కత్తెర నీ చేతిలో ఉందా, నోట్లో ఉందా? కొయ్యమన్నానా, కొయ్యి."

హార్లన్ కోశాడు. గోడ మీద రెండు లైల్ తోకల పక్కన వెర్లిన్ తోకకి మేకు కొట్టారు. అది ఆకుపచ్చది, మిగతా రెండింటికీ అస్సలు నప్పలేదు.

పడుకోబోయేముందు లైల్ ఉండబట్టలేక అడిగేశాడు. "ఏరా, చెట్టు కింద నన్నేమని పిలిచావు?"

"నిన్నా? నిన్నేమీ పిలవలేదు."

"పిలిచావు. నా చెవులతో విన్నా."

"నేను పిలిచింది బొమ్మని," అన్నాడు వెర్లిన్ గోడ వైపు తిరిగి. "దీపం తీసెయ్, పాలబండీ."

అలా బొమ్మకి బావ అన్న పేరు ఖాయమయింది. ఆ చలికాలమంతా బావ లైల్ షెడ్డులో ఉన్నాడు. వెర్లిన్ వచ్చినప్పుడల్లా షెడ్డులోకి తొంగి చూసి, "బావ ఎలా ఉన్నాడు? ఎలుకలేం కొరకలేదు కదా?" అని అడిగేవాడు. లైల్ ఎలా ఉన్నాడని మాత్రం అడిగేవాడు కాదు. ఆర్డిస్‌కి ఇద్దరూ అసలు సంగతి చెప్పలేదు. ఆవిడ అడగలేదు కూడా, కానీ వసంతంలో బొమ్మ కోటుకి చిరుగులు కుట్టి, ఊడిన బొత్తాం వేసిపెట్టింది.

మళ్ళీ వేసవి చివరికొచ్చింది. లైల్ మోకాళ్ళు ఈసారి బతిమాలినా వినలేదు. ఇద్దరూ ఓక్ చెట్టు దగ్గరికి వెళ్ళారు. వెర్లిన్ బొమ్మని భుజాన వేసుకుని, లైల్ ఎప్పుడో మామగారి కోసం కొట్టిన మెట్లు పట్టుకుని పైకెక్కాడు. లైల్ కింద నిలబడి తాడు కొస పట్టుకున్నాడు. పైన బొమ్మని కూర్చోబెట్టి, నడుముకి తాడు చుట్టి, టోపీ సరిచేస్తూ వెర్లిన్ దానితో ఏదో గొణుగుతున్నాడు.

"బావా, జాగ్రత్త. మళ్ళీ పడకు."

"పడనులేరా," అన్నాడు లైల్ కిందనుంచి.

వెర్లిన్ చేతులు ఒక్క క్షణం ఆగాయి. నిన్ను కాదు అంటాడని లైల్ ఎదురుచూశాడు. వెర్లిన్ ఇంకో ముడి వేసి, గట్టిగా ఉందో లేదో లాగి చూసి, మెట్లు దిగడం మొదలుపెట్టాడు.